పేనిన తాడునే పట్టే విషం: ఫాలోయిడిన్, అరుదైన వృషణ కణితుల పరిశోధన

డెత్ క్యాప్ పుట్టగొడుగు తిన్నవాళ్లను చంపేది ఫాలోయిడిన్ కాదు. ఈ విషయం మీద తిరిగే రాతల్లో చాలా గందరగోళం ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఐరోపాలో ఓక్ లాంటి చెట్ల కింద మొలిచే ఈ పుట్టగొడుగులో రెండు ప్రధాన విష కుటుంబాలున్నాయి. ఒకటి అమాటాక్సిన్లు, వాటిలో ముఖ్యమైనది ఆల్ఫా అమానిటిన్. రెండోది ఫాలోటాక్సిన్లు, వాటిలో ముఖ్యమైనది ఫాలోయిడిన్. తిన్నప్పుడు ఫాలోయిడిన్ పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు చేరదు. అమానిటిన్ చేరుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణం తీస్తుంది. వండినా, ఎండబెట్టినా అది చావదు. వాంతులు, విరేచనాలు మొదలయ్యేది తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత. ఆ తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించి, మూడో రోజుకల్లా కాలేయం చేతులెత్తేస్తుంది. 2023లో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని లియోంగాథాలో ఒక భోజనం తర్వాత ముగ్గురు మరణించిన కేసు తెలుగు వార్తల్లోనూ నడిచింది. అక్కడ ప్రాణాలు తీసింది ఈ పుట్టగొడుగే.

ఫాలోయిడిన్ పేరు మాత్రం ఆస్పత్రి వార్డుల్లో కన్నా ల్యాబ్ ఫ్రిజ్‌లలో ఎక్కువ వినిపిస్తుంది. కణజీవశాస్త్రం చదివిన ఎవరినడిగినా ఆకుపచ్చగానో ఎర్రగానో మెరిసే దారాల ఫొటో ఒకటి గుర్తుకొస్తుందంటారు. కణాల మీద పరిశోధన జరిగే హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట్ల అది రోజువారీ సరంజామా. వృషణాల మీద జరిగే పరిశోధనలో ఈ విషానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. అరుదైన వృషణ కణితుల దగ్గరికి వచ్చేసరికి అదే విషం ఒక చిక్కులో పడుతుంది. ఆ చిక్కు ఫాలోయిడిన్‌కు ఉన్న గొప్ప గుణం నుంచే పుట్టింది.

విషం నుంచి రంగు దాకా

1930ల చివర్లో మ్యూనిక్‌లో హైన్‌రిక్ వీలాండ్ ప్రయోగశాలలో ఫియోదోర్ లినెన్, ఉల్రిక్ వీలాండ్ ఫాలోయిడిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశారు. 1941లో హైన్‌రిక్ వీలాండ్, రుడాల్ఫ్ హాలర్‌మేయర్ అమానిటిన్‌ను వేరుచేశారు. లినెన్ ఆ తర్వాత కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాల జీవక్రియ మీద పనిచేసి 1964లో నోబెల్ అందుకున్నాడు. వృషణంలో టెస్టోస్టిరోన్ తయారుచేసే లైడిగ్ కణాలకు ముడిసరుకు ఆ కొలెస్టరాలే. ఇది యాదృచ్ఛికమే అయినా ఈ కథలో పాత్రలు ఒకరినొకరు తాకుతూనే ఉంటాయి.

హైన్‌రిక్ కొడుకు థియోడర్ వీలాండ్ హైడల్‌బెర్గ్‌లో ఈ విషాల రసాయనం మీదే చాలా ఏళ్లు గడిపాడు. ఫాలోయిడిన్ పట్టుకునేది కణం అస్థిపంజరంలో భాగమైన ఆక్టిన్ అనే ప్రొటీన్‌నని 1974లో ఆయన బృందం, సహచరులు కలిసి చూపించారు. 1979లో అదే వర్గం ఫాలోయిడిన్‌కు మెరిసే రంగు అణువును తగిలించి, కణంలోని ఆక్టిన్‌ను మైక్రోస్కోప్‌లో చూడొచ్చని నిరూపించింది. అప్పటినుంచి విషం కాస్తా రంగు అయింది.

ఆక్టిన్ కణంలో రెండు రూపాల్లో ఉంటుంది. విడి అణువులుగా తేలుతూ ఉండేది ఒకటి. ఆ అణువులు రెండు వరుసలుగా మెలితిరిగి తయారైన పోగు రెండోది. ఫాలోయిడిన్‌కు విడి అణువుతో పనిలేదు. నారను వదిలేసి పేనిన తాడునే పట్టుకునే చెయ్యి లాంటిది అది. ఏడు అమైనో ఆమ్లాలతో రెండు వలయాలుగా బిగిసిన ఈ చిన్న అణువు, పోగులో మూడు ఆక్టిన్ అణువులు కలిసే సందులో ఇరుక్కుంటుంది. ఆ సందు పోగులోనే ఉంటుంది, విడి అణువులో ఉండదు. ఒక్కసారి కూర్చున్నాక పోగు విడిపోవడం దాదాపు ఆగిపోతుంది. బతికున్న కాలేయ కణంలో ఇది జరిగితే కణం తన పోగులను విప్పి మళ్లీ అల్లుకోలేక దెబ్బతింటుంది. స్లైడ్ మీద చనిపోయిన కణంలో జరిగితే పోగులు ఎక్కడున్నాయో చెప్పే మంచి గుర్తు దొరుకుతుంది.

ఈ బంధం ఎంత గట్టిదంటే నానోమోలార్ స్థాయి, అంటే అతి పలుచని గాఢత చాలు. పైగా ఒక్కో ఆక్టిన్ అణువుకు ఒక్కో ఫాలోయిడిన్ చొప్పున చేరుతుంది. అందుకే మెరుపు ఎంత ఉందో కొలిచి పోగులు ఎంత ఉన్నాయో అంచనా వేయొచ్చు. ఒక్కో ప్రొటీన్‌ను గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలతో అంత నిలకడైన లెక్క రాదు. 2010ల చివర్లో, ఆ తర్వాత వచ్చిన క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చిత్రాలు ఈ సందును అణువుల స్థాయిలో చూపించాయి. డార్ట్‌మండ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో స్టెఫాన్ రౌన్సర్ బృందం ఇంకో విషయం గమనించింది. పోగు అల్లుకుంటుండగా విషం కలిపితే ఒక రూపం, అల్లుకుని పాతబడ్డాక కలిపితే మరో రూపం నిలిచిపోతుందని. అంటే ఫాలోయిడిన్ ఉన్నదాన్ని చూపిస్తూనే కొంతమేరకు దాన్ని మారుస్తుంది కూడా.

లోపాలు ఇంకో రెండున్నాయి. కోఫిలిన్ అనే ప్రొటీన్ ఆక్టిన్ పోగును చుట్టుకుంటే పోగు మెలిక మారిపోతుంది. అలాంటి పోగును ఫాలోయిడిన్ పట్టుకోలేదు. కాబట్టి స్లైడ్‌లో చీకటిగా కనిపించిన చోట ఆక్టిన్ లేదని తీర్పు చెప్పకూడదు, కోఫిలిన్ కప్పేసి ఉండొచ్చు. రెండోది, క్షీరదాల్లో ఆక్టిన్ ఆరు రకాలు. ఫాలోయిడిన్ వాటి మధ్య తేడా చూడదు. కండర రకమా, మామూలు కణంలోని రకమా అని తేల్చాలంటే యాంటీబాడీలే దిక్కు. ఈ రెండో లోపం కణితుల దగ్గర చాలా ముఖ్యమవుతుంది.

వృషణంలో ఆక్టిన్ చేసే పని

ఆక్టిన్ లేని కణం శరీరంలో లేదు. మరి వృషణాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవడం దేనికి? కారణం సెర్టోలి కణం. 1865లో ఎన్రికో సెర్టోలి వర్ణించిన ఈ కణాలు వీర్యనాళికల గోడలోపల పునాది నుంచి మధ్య ఖాళీ దాకా నిలువుగా ఉంటాయి. వీర్యకణాలుగా ఎదుగుతున్న బీజకణాలు వీటి పక్కల్లో ఒదిగి ఉంటాయి. రెండు సెర్టోలి కణాలు కలిసే చోట, పునాదికి కాస్త పైన, ఆక్టిన్ పోగులు కట్టలు కట్టలుగా పేర్చి ఉంటాయి. వాటికి ఒకవైపు కణపొర, మరోవైపు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ సంచి. ఇలాంటి అమరిక శరీరంలో ఇంకెక్కడా కనిపించదు. దీన్ని ఎక్టోప్లాస్మిక్ స్పెషలైజేషన్ అంటారు. తయారవుతున్న వీర్యకణం తలను సెర్టోలి కణం పట్టుకుని ఉండే చోట కూడా ఇదే ఏర్పాటు ఉంటుంది.

రక్తానికీ, వృషణం లోపలి గదికీ మధ్య ఉన్న అడ్డుగోడ ఈ అమరిక మీదే ఆధారపడుతుంది. ఆ గోడ చాలా గట్టిది, అయినా నిలకడగా ఒకేలా ఉండదు. మనుషుల్లో దాదాపు 16 రోజులకోసారి తిరిగే చక్రంలో, పునాదిలో ఉన్న బీజకణాలు పైకి వెళ్లాలంటే వాటి పైన గోడ విడిపోవాలి, కింద కొత్త గోడ కట్టాలి. ఆక్టిన్ కట్టలు విప్పుకుని మళ్లీ కట్టుకుంటేనే ఇది సాధ్యం. ఫాలోయిడిన్‌తో రంగేసి చూస్తే సెర్టోలి కణాల పునాది చుట్టూ షడ్భుజాల వల లాంటి గీతలు కనిపిస్తాయి. చక్రంలో ఏ దశలో ఉందో బట్టి ఆ గీతలు మారుతుంటాయి. కెనడాలో వేన్ వోగల్, న్యూయార్క్ పాపులేషన్ కౌన్సిల్‌లో యాన్ చెంగ్ బృందాలు దశాబ్దాలుగా చేసిన పనిలో ఫాలోయిడిన్ ఎప్పుడూ పక్కనే ఉంది. కాడ్మియం తగిలిన సెర్టోలి కణాల్లో చక్కగా సాగిన పోగులు తెగి ముక్కలు ముక్కలుగా పడి ఉండటం ఇలాంటి చిత్రాల్లోనే బయటపడింది.

నాళిక బయట చుట్టుకుని ఉండే మయాయిడ్ కణాలు ఇంకో కథ. ఎలుకలో ఒకే పొర, మనిషిలో ఎన్నో పొరలు. ఇవి ముడుచుకుంటూ సాగుతూ వీర్యకణాలను ముందుకు తోస్తాయి. వీటిలో ఉండేది కండరంలో ఉండే రకం ఆక్టిన్. నాళికల మధ్య ఖాళీల్లో ఉండే లైడిగ్ కణాల్లో ఆక్టిన్ కట్టలు అంత కొట్టొచ్చినట్టు ఉండవు. కానీ హార్మోన్ సంకేతం అందగానే కణం ఆకారం మార్చుకోవడంలో, కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియాకు చేర్చడంలో కణం అస్థిపంజరానికి పాత్ర ఉందని చాలాకాలంగా పరిశోధకులు చెబుతున్నారు.

ఏవి అరుదు

వృషణ కణితుల్లో దాదాపు 95 శాతం బీజకణాల నుంచి పుట్టేవే. సెమినోమా, దానికి చెందని మిగతా రకాలు. 1977లో అమెరికా ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ బృందం సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు కలిసిన చికిత్స ఫలితాలు ప్రచురించాక, శరీరమంతా పాకిన వృషణ క్యాన్సర్‌ను కూడా నయం చేయడం సాధ్యమైంది. ఘన కణితుల్లో ఇంత మంచి ఫలితం ఇచ్చినవి చాలా తక్కువ.

మిగిలిన ఐదు శాతం లోపు వాటిలోనే ఈ వ్యాసానికి సంబంధించినవి ఉన్నాయి. పెద్దవాళ్లలో వృషణ కణితుల్లో ఒకటి నుంచి మూడు శాతం లైడిగ్ కణ కణితులు. వాటిలో పదింట ఒకటి ప్రాణాంతకంగా మారుతుంది, చిన్నపిల్లల్లో మాత్రం ఆ భయం లేదు. సెర్టోలి కణ కణితులు ఒక శాతం లోపే. వాటిలో మళ్లీ ఉపరకాలు. 1980లో ప్రాప్, స్కల్లీ వర్ణించిన పెద్ద కణాల, సున్నం పేరుకునే సెర్టోలి కణితి కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య జబ్బుతో కలిసి రావొచ్చు. ప్యూట్జ్ జెగర్స్ సిండ్రోమ్ అనే మరో వంశపారంపర్య జబ్బు ఉన్న మగపిల్లల్లో ఇంకో రకం సెర్టోలి కణితి నాళికల లోపలే పెరుగుతుంది, ఛాతీ పెరగడం లాంటి లక్షణాలతో బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణలో విడిగా చోటు దక్కిన మయాయిడ్ గొనాడల్ స్ట్రోమల్ (బీజకణాలకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే) కణితి ఇంకా అరుదు. బీజకణాల వైపు కూడా ఒక అరుదైన రకముంది. అది 1946లో పియర్ మాసన్ గుర్తించిన స్పెర్మటోసైటిక్ కణితి. ఎక్కువగా వయసు మళ్లినవాళ్లలో వస్తుంది, దాదాపు పాకదు.

భారతదేశంలో వృషణ క్యాన్సర్లే తక్కువ. లక్ష మంది మగవారికి ఏడాదికి ఒకటి కూడా ఉండదు. నార్వే, డెన్మార్క్‌లలో అది పదికి అటూఇటూ. అలాంటప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి కూడా సెర్టోలి కణితి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ రాదు. ఈ లెక్క తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

ఈ కణితుల్లో ఆక్టిన్‌ను చూడాలన్న ఆలోచన ఊరికే పుట్టింది కాదు. మామూలు సెర్టోలి కణితుల్లో సగానికి పైగా బీటా కాటెనిన్ జన్యువులో మార్పు ఉంటుందని 2013 తర్వాత స్పష్టమైంది. బీటా కాటెనిన్ రెండు ఉద్యోగాలు చేసే ప్రొటీన్. కణపొర దగ్గర కణాలను ఒకదానికొకటి అంటించే క్యాడ్‌హెరిన్‌ను, ఆల్ఫా కాటెనిన్ ద్వారా ఆక్టిన్‌ను కలిపి ఉంచడం ఒకటి. కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను నడపడం రెండోది. మార్పు వచ్చిన కణితిలో అది కేంద్రకంలో పోగుపడుతుంది. మరి పొర దగ్గర ఉన్న ఆక్టిన్ కట్టలు ఏమవుతాయి? కణితి కణాలు ఇంకా నాళికల లాంటి ఆకారాలు కడుతున్నాయా, ఎక్టోప్లాస్మిక్ స్పెషలైజేషన్ మిగిలుందా, లేక అంతా చెదిరిపోయిందా? సాంకేతికంగా చూస్తే ఇది ఫాలోయిడిన్ కోసమే పుట్టిన ప్రశ్న.

మామూలు బీజకణ క్యాన్సర్లకు ముందు దశలో కూడా ఇలాంటి ఆనవాళ్లున్నాయి. 1972లో కోపెన్‌హేగెన్‌కు చెందిన నీల్స్ స్కాకెబేక్ గుర్తించిన ఆ ముందు దశలో, క్యాన్సర్ కణాలు నాళిక లోపలే పునాది వెంట వరుసగా కూర్చుంటాయి. జర్మనీలోని గీసెన్ పరిశోధకులు ఆ నాళికల్లో సెర్టోలి కణాలను కలిపి ఉంచే ప్రొటీన్లలో కనెక్సిన్ 43 తగ్గిపోయిందని, క్లాడిన్ 11 చోటు తప్పిందని, అడ్డుగోడ కారుతోందని చూపించారు. అంటే సెర్టోలి కణం తనకు తాను కణితిగా మారకపోయినా, పక్కనున్న క్యాన్సర్ కణం వల్ల తన గోడను వదులుకుంటోంది.

మైనం దిమ్మెల దగ్గర చిక్కు

అరుదైన కణితి దొరికిన ఆస్పత్రిలో సాధారణంగా ఏం జరుగుతుందో చూద్దాం. గజ్జల దగ్గర కోసి వృషణాన్ని మొత్తంగా తీసేస్తారు. అది ఫార్మలిన్‌లోకి వెళ్తుంది. ఆ తర్వాత ఆల్కహాల్ మెట్లు, జైలీన్, కరిగిన మైనం. చివరికి మైనం దిమ్మెగా మారి, పాథాలజీ విభాగం అరలో పదేళ్లైనా ఇరవై ఏళ్లైనా భద్రంగా ఉంటుంది. ఎక్కడో ఒక ఆస్పత్రిలో ఒకటి, ఇంకో దేశంలో రెండు, ఇలా దిమ్మెలను పోగేసుకునే అరుదైన కణితుల మీద అధ్యయనాలు జరుగుతాయి. బీటా కాటెనిన్ కేంద్రకంలో ఉందని తేలిందీ ఇలాగే.

ఫాలోయిడిన్ మాత్రం ఈ దారిలో పనిచేయదు. అది వెతికేది ఆక్టిన్ అనే ప్రొటీన్‌ను కాదు, పోగులోని ఆ సందును. ఆల్కహాల్ నీటిని లాగేసేసరికి, మైనం వేడి తగిలేసరికి పోగు ఆకారం చెదిరిపోతుంది. ప్రొటీన్ ఉంటుంది, సందు ఉండదు. యాంటీబాడీ మాత్రం ప్రొటీన్‌లోని ఒక చిన్న ముక్కను గుర్తుపట్టగలదు కాబట్టి మైనం ముక్కల్లోనూ పనిచేస్తుంది. ఫాలోయిడిన్‌కు ఆ సౌకర్యం లేదు. కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లను ఇక్కడ ఒక విషయం తికమక పెడుతుంది. కంపెనీ నుంచి వచ్చే ఫాలోయిడిన్ ఎక్కువగా మిథనాల్‌లోనే కరిగించి నిల్వచేస్తారు. అయినా కణాలను మిథనాల్‌తో స్థిరపరిస్తే రంగు పట్టదు. మిథనాల్ వల్ల విషానికి నష్టం లేదు, పాడయ్యేది ఆక్టిన్ పోగు. అందుకే ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి, డిటర్జెంట్‌తో కణపొరకు రంధ్రాలు చేసి, అరగంట అటూఇటూ నానబెడతారు.

వృషణం విషయంలో అలవాట్లు ఈ చిక్కును ఇంకా పెంచాయి. వృషణం నిర్మాణం స్పష్టంగా కనిపించాలని పాత రోజుల నుంచి బూయిన్ ద్రావణంలో స్థిరపరచడం ఆనవాయితీ. ఆ తర్వాత అదీ మైనంలోకే. ఆకారాలు అద్భుతంగా కనిపిస్తాయి, ఫాలోయిడిన్‌కు మాత్రం ఏమీ మిగలదు. మైనం ముక్కల్లో ఫాలోయిడిన్ వాడేందుకు ప్రత్యేక పద్ధతుల ప్రయత్నాలున్నాయి కానీ అవి ఇంకా మామూలు ఆస్పత్రి దిమ్మెలకు భరోసాగా వాడే దశకు రాలేదు.

కాబట్టి అరుదైన వృషణ కణితుల్లో ఫాలోయిడిన్ బంధం మీద ఏదైనా అధ్యయనం కనిపిస్తే మొదట చూడాల్సింది నమూనా ఎక్కడిదన్నది. ఆపరేషన్ థియేటర్‌లోనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించిన ముక్కా? ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతూ వచ్చే కణాల లైనా? ఎలుకా? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతా ఫలితాలు చదవడం మంచిది.

కణాల లైన్లు, జంతువులు

కణాల లైన్లే అన్నింటికన్నా తేలిక. జెన్నీ మాథర్ 1980లో వర్ణించిన టీఎం3, టీఎం4 లైన్లు ఎలుక లైడిగ్, సెర్టోలి కణాల నుంచి వచ్చాయి. మారియో అస్కోలి బృందం ఎలుక లైడిగ్ కణితి నుంచి తీసిన ఎంఏ 10 ఈ రంగంలో ఎక్కువగా వాడే లైన్. కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియాలోకి పంపే స్టార్ ప్రొటీన్ 1994లో దొరికింది ఈ కణాల్లోనే. ఎంఏ 10 మీద హార్మోన్ సంకేతం పడితే సాగి ఉన్న కణం గుండ్రంగా మారుతుంది. ఫాలోయిడిన్ వేస్తే ఆ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కానీ ఇది ఎలుక కణం, అదీ పెట్రి డిష్‌లో చదునుగా పరుచుకుని పెరుగుతున్నది. కణితి లోపల అన్ని వైపులా పొరుగు కణాలతో నొక్కుకుని ఉన్న కణంలో మందమైన ఒత్తిడి పోగులు అలాగే ఉంటాయన్న హామీ లేదు. డిష్‌లో కనిపించే అందమైన దారాల్లో చాలావరకు గాజు ఉపరితలం ఇచ్చిన కానుకలు.

మనుషుల సెమినోమాకు కూడా నమ్మదగిన లైన్ చాలా ఆలస్యంగా దొరికింది. జపాన్‌లో 1993లో స్థాపించిన టీక్యామ్ 2 నిజంగా సెమినోమా లక్షణాలున్నదేనని 2008 తర్వాత గానీ రూఢి కాలేదు. సాధారణ రకానికే ఈ గతి అయితే అరుదైన సెర్టోలి కణితులకు లైన్లు లేకపోవడం ఆశ్చర్యం కాదు.

ఇక జంతువులు. 1992లో మార్టిన్ మట్జుక్ బృందం ఇన్హిబిన్ అనే హార్మోన్ జన్యువు లేని ఎలుకలను తయారుచేసింది. వాటిలో కొన్ని వారాల వయసులోనే వృషణాల్లో, అండాశయాల్లో స్ట్రోమల్ కణితులు వచ్చాయి, దాదాపు అన్నింటికీ. గడ్డకట్టించిన ముక్క ఎన్నయినా తీసుకోవచ్చు కాబట్టి ఫాలోయిడిన్‌కు ఇది సరైన చోటు. కానీ ఫిషర్ 344 రకం ఎలుకల సంగతి గుర్తుంచుకోవాలి. రెండేళ్ల వయసుకు వాటిలో మగవాటికి దాదాపు అన్నింటికీ లైడిగ్ కణితులు వస్తాయి, ఏ మందూ ఇవ్వకుండానే. ఎలుక లైడిగ్ కణం మీద, దాన్ని పనిచేయించే ఎల్‌హెచ్ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లు మనిషి కణం కన్నా పదిరెట్లకు పైగా ఉంటాయి. అందుకే మందుల భద్రతా పరీక్షల్లో ఎలుకకు లైడిగ్ కణితి వచ్చిందంటే మనిషికీ వస్తుందని నియంత్రణ సంస్థలు నేరుగా అనుకోవు. కుక్కల్లో మరో వింత. కడుపులోనో గజ్జల్లోనో ఉండిపోయిన వృషణాల్లో సెర్టోలి కణితులు మామూలుగా కనిపిస్తాయి, ఒక్కోసారి ఈస్ట్రోజెన్ వల్ల మగకుక్కకు స్తనాలు పెరుగుతాయి. మనుషుల్లో అరుదైన కణితి పశువైద్యుడి దగ్గర నిత్యం కనిపించేదే. ఈ వనరును మనుషుల కణితులు చదివేవాళ్లు ఇంకా పూర్తిగా వాడుకోలేదనిపిస్తుంది.

మయాయిడ్ రకం కణితి దగ్గర ఫాలోయిడిన్ రెండో లోపం మళ్లీ ఎదురవుతుంది. ఆ కణితిలో కండర రకం ఆక్టిన్ ఉందని తేల్చాలి. ఫాలోయిడిన్ పోగులు ఉన్నాయని చెప్పగలదు, ఏ రకమో చెప్పలేదు. కండర ఆక్టిన్ యాంటీబాడీ, దానితో పాటు ఎస్100 యాంటీబాడీ, రెండూ మైనం ముక్కలోనే పనిచేస్తాయి. అందుకే ఆ కణితి గుర్తింపు పూర్తిగా యాంటీబాడీల చేతుల్లో ఉంది. ఫాలోయిడిన్‌ను అక్కడ తెచ్చిపెట్టినా పాథాలజిస్ట్‌కు పెద్దగా ఉపయోగం లేదు.

అమానిటిన్ వైపు

మందు అనే మాట వస్తే చర్చ అమానిటిన్ వైపు మళ్లుతుంది. అది పట్టుకునేది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2ను, అంటే జన్యువుల నుంచి సందేశం రాసే యంత్రాన్ని. 2002లో రోజర్ కోర్న్‌బర్గ్ ప్రయోగశాల ఆ యంత్రంలో అమానిటిన్ ఎక్కడ కూర్చుంటుందో చూపించింది. ఈ విషాన్ని యాంటీబాడీకి కట్టి క్యాన్సర్ కణానికి మాత్రమే అందించాలన్న ప్రయత్నాల్లో హైడల్‌బెర్గ్ ఫార్మా మందు ఒకటి మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ మీద మనుషుల పరీక్షల్లోకి వచ్చింది. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో దారి చూపింది. క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువు పోయినప్పుడు దాని పక్కనే ఉన్న పాలిమరేజ్ జన్యువు ఒక కాపీ కూడా పోతుంది, అలాంటి పెద్దపేగు క్యాన్సర్ కణాలు అమానిటిన్‌కు తేలిగ్గా లొంగుతాయని.

వృషణ కణితులకు ఈ తర్కం అంత తేలిగ్గా అతకదు. బీజకణ కణితుల్లో టీపీ53 మార్పులే అరుదు, పైగా సిస్‌ప్లాటిన్ ఉండనే ఉంది. అవసరం ఉన్నది పాకిన లైడిగ్, సెర్టోలి కణితులకే, కీమోథెరపీకి అవి సరిగా లొంగవు. కానీ యాంటీబాడీ పట్టుకోవడానికి వాటి ఉపరితలం మీద ప్రత్యేకమైన గుర్తు కావాలి. రోగులు ఇంత తక్కువ ఉన్నప్పుడు కంపెనీలు ముందుకు రావు. అమానిటిన్‌ను కాలేయ కణాలు ప్రత్యేక రవాణా ప్రొటీన్ల ద్వారా లోపలికి లాక్కుంటాయి కాబట్టి కాలేయానికి ముప్పు ఎప్పుడూ ఉంటుంది. ఫాలోయిడిన్ విషయంలో మందు ఆలోచనే లేదు. కాలేయ కణాలు తప్ప మిగతా బతికున్న కణాల్లోకి అది సరిగా దూరదు. పుట్టగొడుగు సారం వృషణ క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఎవరైనా చెబితే, ఏ అణువు, దేనికి అంటుకుంది, ఏ కణంలో అని అడిగితే చాలు, ఆ మాటల్లో చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ముక్క ఎక్కడ దొరుకుతుంది

అరుదైన వృషణ కణితుల్లో ఫాలోయిడిన్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటి ఇటీవల తనంతట తానే తెరుచుకుంది. పిల్లలు పుట్టడం లేదని అల్ట్రాసౌండ్ చేయించుకున్న మగవాళ్లలో చేతికి తగలని చిన్న గడ్డలు ఎక్కువగా బయటపడుతున్నాయి. వాటిలో చాలావరకు ప్రమాదం లేనివే, లైడిగ్ కణితులే ఎక్కువ. అందుకే వృషణం మొత్తం తీసేయకుండా గడ్డ ఒక్కటే తీసి, ఆపరేషన్ నడుస్తుండగానే ఫ్రోజెన్ సెక్షన్ పంపడం పెరిగింది. ఫ్రోజెన్ సెక్షన్ అంటే ముక్కను గడ్డకట్టించి, మైనం లేకుండా కోసి చూడటం. ఆ ముక్క ఆల్కహాల్‌లోకి వెళ్లకముందు ఫాలోయిడిన్‌కు కావాల్సిన సందు ఇంకా చెదరకుండా ఉంటుంది. నిర్ధారణకు సరిపడా తీసుకున్నాక మిగిలిన పలుచని ముక్కను, రోగి అనుమతితో, ఫార్మాల్డిహైడ్‌లో కొద్దిసేపు ఉంచి గడ్డకట్టించి దాచుకోవచ్చు. ఖర్చు పెద్దది కాదు.

అడ్డంకి ఖర్చు కాదు, అలవాటు. పాథాలజిస్ట్ పని నిర్ధారణ, ఆయనకు అరలో దిమ్మె ఉంటే చాలు. బీటా కాటెనిన్ కేంద్రకంలో ఉన్న సెర్టోలి కణితిలో కణాల అంచున ఆక్టిన్ కట్టలు మిగిలాయా లేదా అని తేల్చాలంటే ఒకే ముక్కలో ఫాలోయిడిన్, బీటా కాటెనిన్ యాంటీబాడీ, ఎన్ క్యాడ్‌హెరిన్ యాంటీబాడీ మూడూ వేసి చూడాలి. కోఫిలిన్ కప్పేసిందేమో తెలుసుకోవడానికి ఆక్టిన్ యాంటీబాడీ కూడా ఉండాలి. మెరుపు కొలిచేవాళ్లకు ఏది కణితో ఏది పక్కనున్న ఆరోగ్యకరమైన నాళికో తెలియకుండా ఉంచాలి. ఒక్క ఆస్పత్రికి ఏళ్లకోసారి వచ్చే కణితి కాబట్టి ఐదారు కేంద్రాలు ఒకే పద్ధతిలో గడ్డకట్టించాలి. ఒకరు పది నిమిషాల్లో గడ్డకట్టించి, మరొకరు రెండు గంటలు ఆలస్యం చేస్తే, రక్తం ఆగిన కణంలో ఆక్టిన్ ఈలోగా తనంతట తానే మారిపోతుంది. అప్పుడు కనిపించే తేడా కణితిదో ఆలస్యానిదో విడదీయలేరు.